ప్రభువు బల్ల దగ్గర రెండు వరుసలు

అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేసిన పేతురు, కొందరు రాగానే భయపడి వేరైపోయిన సంగతి గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో చూస్తాం. పౌలు అతణ్ణి అందరి ఎదుట నిలదీశాడు. ఇంత చిన్న విషయానికి అంత పట్టుదల ఎందుకు? దక్షిణాఫ్రికా చరిత్రే జవాబు చెబుతుంది.

అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘంలో కొందరు తెల్లవారు నల్లవారితో కలిసి ప్రభు భోజనంలో పాలుపొందడానికి ఇష్టపడలేదు. 1857లో కేప్ సినడ్, అందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమంటూనే, కొందరి బలహీనతను బట్టి వేరుగా కూడుకోవచ్చునని తీర్మానించింది. మినహాయింపే ఆనవాయితీ అయింది. 1881 నాటికి మిశ్రమ జాతి విశ్వాసులకు వేరే సంఘమే ఏర్పడింది. 1948లో వర్ణవివక్షను ప్రభుత్వ విధానంగా చేసిన ప్రధాని మలాన్ ఒకప్పుడు ఆ డచ్ సంఘపు పాదిరే!

1950 నాటి చట్టాలు ప్రతి మనిషికీ జాతి ముద్ర వేసి, ఎవరు ఏ పేటలో ఉండాలో శాసించాయి. 1860 నుండి నాతాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారి మధ్య సేవ చేయడానికి 1903లో నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్యగారు వెళ్లారు. భారతీయ కుటుంబాలు కూడా ఈ చట్టాల వలన ఇళ్లు పోగొట్టుకున్నాయి.

ప్రజలు ఊరుకోలేదు. 1952లో అన్యాయపు చట్టాలను కావాలనే మీరి 8,000 మందికి పైగా అరెస్టయ్యారు. 1956 ఆగస్టు 9న సుమారు 20,000 మంది స్త్రీలు పాసుల చట్టానికి వ్యతిరేకంగా ప్రిటోరియాలో ప్రభుత్వ భవనం ముందు మౌనంగా నిలబడ్డారు. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారు.

అప్పుడు సంఘంలోనూ కొందరి మనస్సాక్షి మేల్కొంది. తెల్లజాతి పాదిరి బేయర్స్ నౌడే 1963లో తన పులిపీఠం విడిచిపెట్టాడు. 1977 నుండి ఏడేళ్లు ప్రభుత్వ నిషేధం క్రింద బ్రతికాడు. వేరుచేయబడిన ఆ మిషన్ సంఘమే 1986లో బెల్హార్ విశ్వాస ప్రమాణాన్ని స్వీకరించి, మనుషులను విడదీసే బోధ సువార్తకు విరోధమని ప్రకటించింది. 1990లో రస్టెన్‌బర్గ్‌లో డచ్ సంఘపు వేదపండితుడు విల్లీ యోంకర్ బహిరంగంగా పాపం ఒప్పుకోగా, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ లేచి క్షమాపణ ప్రకటించారు. 1994 ఏప్రిల్ 27న అన్ని జాతులవారూ మొదటిసారి ఒకే ఎన్నికలో ఓటు వేశారు.

ప్రియులారా, 1857 నుండి 1994 వరకు 137 ఏళ్లు! బల్ల దగ్గర ఇచ్చిన చిన్న సడలింపు దేశానికి సంకెళ్లు వేయడానికి తోడ్పడింది. మన ఊళ్లలో ఒకే ప్రభువును కొలుస్తూ కులానికొక గుడి, కులానికొక సమాధుల తోట ఎందుకున్నాయి? ఎవరి బలహీనతను బట్టి? వచ్చే ఆదివారం ఆ గిన్నె అందుకునే ముందు ఈ ప్రశ్నకు ప్రభువు ఎదుట జవాబు చెప్పుకుందాం. దేవుడు మనకు అట్టి ధైర్యం అనుగ్రహించును గాక. ఆమేన్.