పట్టినవాడి కప్పు

దగ్గరకి జరగండర్రా, సెగ అందరికీ అందుద్ది. ఆ మిరపకట్టె మాత్రం తీసెయ్యండి, పొగకి దగ్గొచ్చి చస్తాం. తాటాకులెయ్యి పెద్దోడా, ఆ కొబ్బరిమట్ట కూడా లాగు.

ఇందాక అరుగు మీద మీరు పడ్డ గొడవంతా విన్నాలే. కబడ్డీలో మొనగాడు పర్దీప్ నర్వాల్ అని ఒకడు, కాదు పవన్ సెహ్రావత్ అని ఇంకొకడు. మీ నోట్లోంచి వచ్చిన పేర్లన్నీ కూతకెళ్ళేవాళ్ళవే. పట్టేవాడి పేరు ఒక్కడన్నా ఎత్తాడా? అదే నాకు బాధ. అందుకే ఈ ముచ్చట చెప్తున్నా, వినండి.

మా రోజుల్లో దీన్ని చెడుగుడనేవాళ్ళం. మేట్లు లేవు, బూట్లు లేవు. కుప్పలు నూర్చి ధాన్యం ఇంటికి తోలాక అదే కళ్ళం మీద నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీస్తే బరి తయారయ్యేది. సంక్రాంతికి మన్నవోళ్ళు, మునిపల్లెవోళ్ళు, మామిళ్ళపల్లివోళ్ళు జట్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. నిడుబ్రోలు కుర్రాళ్ళకీ పొన్నూరు కుర్రాళ్ళకీ పడిందంటే ఇక చుట్టూ జనం గీతల మీదకొచ్చి నిలబడేవాళ్ళు. ఇప్పట్లా ముప్పై సెకన్ల గడియారం లేదు. ఊపిరి ఉన్నంతసేపే కూత. ఊపిరి తెగిందో లేదో తేల్చడానికి అంపైరు కూతగాడి వెనకాలే చెవొగ్గి నడిచేవాడు.

నేను ఆడింది ఎడమ మూల. మూలన నిలబడేవాడి చూపు ఎక్కడుండాలో తెలుసా? కూతగాడి మొహం మీద ఉండకూడదు. వాడు కళ్ళతో ఒకపక్క చూపించి కాలు ఇంకోపక్కకి చాపుతాడు. చేతుల మీదా ఉండకూడదు. మడమ మీద ఉండాలి. వాడు ఒక కాలు మనవైపు చాపాలంటే ముందు ఒళ్ళంతా రెండో కాలి మీద మోపాలి. అలా మోపినప్పుడు ఆ రెండో మడమ నేలలోకి దిగుద్ది, చాపబోయే కాలి మడమ కొంచెం లేస్తది. ఆ లేవడం కనపడగానే వంగాలి. రెండు చేతులతో చీలమండ దొరకబుచ్చుకుని, భుజం వాడి మోకాలికి ఆనించి, అలా ఉండిపోవాలి. లాగకూడదు. లాగితే వాడు మన మీద పడి గీత అందుకుంటాడు. మనం ఆపితే చాలు, మిగతావాళ్ళొచ్చి నడుం పడతారు. చెమటకి జారకుండా కూతకీ కూతకీ మధ్య అరచేతులు మట్టిలో రుద్దుకునేవాళ్ళం. ఇదిగో ఈ బొటనవేలు చూడండి, పక్కకి తిరిగిపోయి ఉందే, అది అలా విరిగిందే.

ఒక ఏడు మాకు కప్పొచ్చింది. బెస్ట్ ప్లేయరుకి విడిగా ఒక ఇత్తడి చెంబు పెట్టారు. ఇంకెవరికిస్తారు? మా కూతగాడికిచ్చారు. వాడు మంచి ఆటగాడే, కాదనను. కానీ ఆ సాయంత్రం ఓడిపోయిన జట్టులో కూతగాడొకడు, మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాడు, కుంటుకుంటూ మా కుడిమూల వాడి దగ్గరకొచ్చాడు. గోలీ సోడా కొట్టించి చేతికిచ్చి, "ఇవాళ నాకు ఊపిరాడనివ్వలేదన్నా నువ్వు" అన్నాడు. చెంబు ఇచ్చిన పెద్దమనిషికి కనపడనిది వాడికి కనపడింది. ఎందుకంటే పట్టుబడ్డవాడు వాడు.

సరే, ఇప్పటి సంగతికొద్దాం. 2014 జులైలో ప్రొ కబడ్డీ లీగు మొదలైంది. మన తెలుగు టైటాన్స్ విశాఖపట్నంలో పోర్టు ఇండోర్ స్టేడియంలో ఆడుతుంటే, మన పల్లెటూరి ఆట టీవీలో అంత వెలుతురులో చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ అప్పుడు అమరావతి కుర్రాళ్ళు ఈ ఆట ఆడి చూపించారట. మన అమరావతి కాదులే, మహారాష్ట్రలో ఉన్నది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. అయినా కబడ్డీ ఆడి ఇల్లు కట్టుకోవచ్చని ఈ లీగు వచ్చాకే మన పిల్లలకి తెలిసింది.

ఆ లీగులో సీజనుకొక్కడికి అత్యంత విలువైన ఆటగాడని బహుమతి ఇస్తారు. మొదటిది యు ముంబా కెప్టెన్ అనూప్ కుమార్‌కి వచ్చింది. నెమ్మదస్తుడు, బోనస్ గీత మీద కాలు ఎప్పుడు పెట్టి తీశాడో కూడా తెలిసేది కాదు. 2015లో బెంగళూరు బుల్స్ మంజీత్ ఛిల్లర్‌కి ఇచ్చారు. ఆ రాత్రి నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టా. ఎందుకంటే మంజీత్ పట్టేవాడు. కూతకీ వెళ్ళేవాడు గానీ వాడి బలం పట్టులోనే. ఆ తర్వాత చూడండి వరస. రోహిత్ కుమార్, రెండుసార్లు పర్దీప్, పవన్, రెండుసార్లు నవీన్ కుమార్, అర్జున్ దేశ్వాల్, అస్లం ఇనాందార్. అస్లం అప్పుడప్పుడు పట్టేవాడు గానీ మొదటి పని కూతే. మళ్ళీ పట్టేవాడి చేతికి ఆ బహుమతి రావడానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది. హర్యానా స్టీలర్స్ తరఫున ఆడిన ఇరాన్ కుర్రాడు మహమ్మద్ రెజా షాద్లూయికి ఇచ్చారు. ఎడమ మూల మొనగాడు! అప్పటికి పదకొండు సీజన్లలో రెండంటే రెండుసార్లు.

పర్దీప్‌ని తక్కువ చెయ్యను. 2017లో ఒక్క సీజన్లో కూతల మీదే 369 పాయింట్లు తెచ్చినవాడు. ఒక్క మ్యాచిలో 34 తెచ్చాడు. అది మామూలు మనిషికి సాధ్యం కాదు. కానీ ఫజల్ అత్రాచలి సంగతేంటి? వాడూ ఇరానోడే, ఎడమ మూలే. ముంబాతో ఒకసారి, పట్నాతో ఒకసారి టైటిలు గెలిచాడు. పట్టుల్లో ఐదొందల పాయింట్లు దాటిన మొదటివాడు. పట్నాలో పర్దీపూ ఫజలూ ఒకే జట్టుగా ఆడి గెలిచిన ఏడు కూడా పెద్ద బహుమతి పర్దీప్‌కే పోయింది. ఫజల్‌కి అది ఒక్కసారీ రాలేదు.

"పాయింట్లు ఎక్కువ తెచ్చినవాడికేగా తాతా ఇచ్చేది?" అంటావా? అక్కడే ఉంది తిరకాసు. కూతగాడు ఒక్క కూతలో ముగ్గుర్ని ముట్టుకుని మూడు తెస్తాడు. పట్టేవాడికి పట్టుకి ఒకటి, మహా అయితే సూపర్ ట్యాకిల్‌కి రెండు. గొలుసు కట్టి నిలబడి, కూతగాడు అటువైపు అడుగే వెయ్యకుండా చేశాడనుకో, దానికి సున్నా.

ఈ మాటే మొన్న డల్లాస్ నుంచొచ్చిన మన అమ్మడితో అంటే, అది వాళ్ళ బాస్కెట్‌బాల్ కథ ఒకటి చెప్పింది. విని నేను ఆ రాత్రి పడుకోలేదు. అక్కడ ఎన్‌బీఏ అనే లీగులో ఈ బహుమతి 1956 నుంచీ ఉంది. మొదటివాడు బాబ్ పెటిట్. మొదట్లో ఎవరికివ్వాలో తేల్చింది విలేకర్లు కాదు, ఆటగాళ్ళే ఓట్లేసుకునేవాళ్ళట. 1962లో విల్ట్ చాంబర్లిన్ అనేవాడు సీజనంతా కలిపి మ్యాచికి సగటున 50.4 పాయింట్లు కొట్టాడు. మార్చి 2న ఒక్క మ్యాచిలోనే 100 కొట్టాడు. అయినా ఆటగాళ్ళు ఓటేసింది బిల్ రసెల్‌కి! రసెల్ పని బుట్టలో వెయ్యడం కాదు, ఎదుటివాణ్ణి వెయ్యనివ్వకపోవడం. వాడు గాల్లో ఆపిన బంతుల్ని ఆ రోజుల్లో లెక్కకూడా రాసేవాళ్ళు కాదు. ఆ లెక్క 1973-74 సీజన్లో మొదలైంది. పుస్తకంలో లేనిది ఆడినవాళ్ళ ఒంటికి తెలుసు. 1981 నుంచీ ఆ ఓటు విలేకర్లకీ కామెంటరీ చెప్పేవాళ్ళకీ పోయింది. ఇప్పుడా బహుమతికి మైకేల్ జోర్డాన్ పేరు పెట్టారు.

మన టైటాన్స్‌కి ఏమైందో చూశారుగా. 2018-19 సీజన్లో బెంగళూరు తరఫున అత్యంత విలువైన ఆటగాడు పవన్. ఫైనల్లో ఒక్కడే కూతల్లో 22 పాయింట్లు తెచ్చి కప్పు గెలిపించాడు. 2023లో మనవాళ్ళు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసి వాణ్ణి తెచ్చుకున్నారు. వాడి తప్పేం లేదు, వాడి పాయింట్లు వాడు తెచ్చాడు. మరి జట్టు? 22 మ్యాచిల్లో రెండు గెలిచి అడుగున కూర్చుంది. మూలలు కాసేవాడు లేకపోతే కూతగాడు తెచ్చింది తెచ్చినట్టే పోతది. 2024 సీజను దాకా టైటాన్స్ చొక్కా వేసుకుని ఆ పెద్ద బహుమతి అందుకున్నవాడు ఒక్కడూ లేడు. ముందు మంచి మూలల్ని వెతకండయ్యా అని నేను పదేళ్ళుగా టీవీ ముందు కూర్చుని అంటూనే ఉన్నా.

ప్రొ కబడ్డీవాళ్ళు నా మాట వినరు, వాళ్ళ లెక్కలు వాళ్ళవి. మీరు వినండి. కనుమ నాడు స్కూలు గ్రౌండులో మీరు పెట్టే పోటీలకి బెస్ట్ ప్లేయరు కప్పు నేను కొనిస్తా. కానీ ఒక్క షరతు. స్కోరు పుస్తకం చూసి ఇవ్వొద్దు, నన్నూ అడగొద్దు. ఫైనల్లో ఓడిపోయిన జట్టులో ఏడుగుర్నీ కూర్చోబెట్టి, "మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఎవర్రా" అని అడగండి. వాళ్ళు ఎవరి పేరు చెప్తే వాడికివ్వండి.