పట్టూ విడుపూ

గిలకబావిలో నీళ్లు తోడినవాళ్లకి తెలుసు: నిండు చేద జారిపోతుంటే చేంతాడుని గబుక్కున బిగించి పట్టకూడదు. చిన్నప్పుడు నేను పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మా బామ్మ వెన్న రాస్తూ, "పట్టడమే నేర్చావు, కాస్త విడవడమూ నేర్చుకోవే" అంది.

ఈ పాఠాన్నే మరో దేశంలో కొందరు బొటనవేళ్లు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నారు.

మెక్సికోలోనూ కాలిఫోర్నియాలోనూ గుర్రమెక్కి పశువులు కాసేవాళ్లని వకేరోలు అనేవారు. పచ్చితోలుని సన్నగా చీల్చి, అచ్చం మన జడలాగే అల్లిన తాడు వాళ్లది. దాని పేరు 'లా రియాటా'. ఇంగ్లీషులో 'లారియట్' అయింది. 60 అడుగుల పొడవున్నవీ ఉండేవి. చూడ్డానికి ఎంత అందమో, ఒక్క ఊపున గుంజితే అంత పుటుక్కున తెగేది. అందుకని తాడు కొసను జీనుకు కట్టేసేవారు కాదు. ఉచ్చు పడగానే, జీను ముందు చిన్న గుంజలా ఉండే కొయ్యకు చుట్లు తిప్పి, కొంచెం కొంచెంగా జారనిచ్చేవారు. ఆ చుట్టే ఇప్పటి 'డ్యాలీ'. చుట్టు మధ్య బొటనవేలు ఇరుక్కుందా, ఇక దాని మీద ఆశ వదులుకోవలసిందే!

పెద్ద ఎద్దుకి మందు వెయ్యాలన్నా ఒక్కడి వల్ల కాదు కదా. ఒకడు తలకి, ఇంకొకడు వెనక కాళ్లకి ఉచ్చు వేసేవారు. ఆ పనే తర్వాత రోడియో పోటీల్లో 'టీమ్ రోపింగ్' అయింది. మొదటివాడు కొమ్ములు పట్టి, చుట్టు తిప్పి, ఎద్దుని ఎడమవైపుకి మళ్లిస్తాడు. రెండోవాడు వెనక కాళ్లు రెండూ పట్టాలి. ఒక్క కాలే చిక్కితే 5 సెకన్లు జరిమానా. మొదటివాడు తొందరపడి గుంజాడా, రెండోవాడి ఉచ్చులో గాలి తప్ప ఏమీ పడదు.

ఇదంతా మగవాళ్ల కండబలం అనుకునేరు! 1885లో పుట్టి ఓక్లహోమాలో పెరిగిన లూసిల్ మల్హాల్ అనే ఆవిడ మగవాళ్లతో పోటీపడి ఎద్దులకి తాడు వేసింది. మణికట్టు నేర్పూ, ఉచ్చు ఎప్పుడు వదలాలో తెలియడమూ ఉండాలే గాని, ఆడేమిటి, మగేమిటి?

మా ఇంట్లోనూ ఇద్దరమే జట్టు. ముందు ఉచ్చు ఎవరు వెయ్యాలో ఇన్నేళ్లయినా తేలలేదు. ఇద్దరం ఒకేసారి గుంజుతాం. జరిమానా మాత్రం 5 సెకన్లతో పోదు!