లినక్సులో పాట పక్కవాడికి ఎందుకు వినపడదు?

పదిమంది ఉన్న వీడియో మీటింగులో లినక్సు వాడేవాడెవరో కనిపెట్టడం మహా తేలిక. స్క్రీన్ షేర్ చేసి, డెమో వీడియో మొదలెట్టి, "సౌండ్ వస్తోందా అండీ?" అని అడిగేవాడే వాడు. బొమ్మ కదులుతుంటుంది, శబ్దం మాత్రం ఉండదు. చివరికి మనవాడు హెడ్‌ఫోన్స్ ఊడబీకి, లాప్‌టాప్ స్పీకరు గట్టిగా పెట్టి, అది మైకులో పడేలా చేసి "ఇప్పుడో?" అంటాడు. అవతలివాళ్ళకి నూతిలోంచి పాడుతున్నట్టు వినిపిస్తుంది. విండోసు వాడేవాళ్ళేమో ఒక టిక్కు పెట్టి పని కానిచ్చేస్తారు.

"లినక్సులో ఆడియో అంతేలే" అని నవ్వేసి ఊరుకుంటాం. నాకు ఆ మాట మీద కొంచెం అభ్యంతరం ఉంది. ముప్పయ్యేళ్ళ పైబడిన ఈ కథలో ప్రతి తరం వాళ్ళూ తమ ముందున్న ప్రశ్నకి బాగానే జవాబు చెప్పారు. 2020లో మనందరం ఇళ్ళలో కూర్చుని అడిగిన ప్రశ్న మాత్రం అంతకుముందు వాళ్ళని ఎవరూ పెద్దగా అడగలేదు.

మొదటి ప్రశ్న చాలా చిన్నది. అసలు కార్డు మోగుతుందా? 1990ల మొదట్లో సౌండ్ బ్లాస్టర్ కార్డుకి లినక్సు డ్రైవరు రాసింది హన్ను సవొలైనెన్ అనే ఫిన్లాండు ఆయన (లైనస్ టోర్వాల్డ్స్‌ది కూడా అదే దేశం). అదే తర్వాత ఓపెన్ సౌండ్ సిస్టమ్, పొట్టిగా ఓఎస్ఎస్ అయింది. యునిక్సు సంప్రదాయంలో అన్నీ ఫైళ్ళే కాబట్టి సౌండు కార్డు కూడా ఒక ఫైలే. డెవ్ డైరెక్టరీలో డీఎస్పీ అని ఉండేది. అందులోకి రాస్తే మోగుతుంది, అందులోంచి చదివితే మైకులో మాటలొస్తాయి. ఇంత అందమైన ఏర్పాటు మళ్ళీ రాలేదని నా అభిప్రాయం.

చిక్కల్లా ఏంటంటే, అది వీధి కుళాయి లాంటిది. ఒక బిందె పెడితే రెండో బిందె వరసలో ఉండాల్సిందే. పాటలు వినే ప్రోగ్రాము ఆ ఫైలుని పట్టుకుంటే చాటింగు ప్రోగ్రాముకి "డివైస్ బిజీ" అని సమాధానం వచ్చేది. సౌండ్ బ్లాస్టర్ లైవ్ లాంటి ఖరీదైన కార్డులు నాలుగైదు శబ్దాల్ని హార్డ్‌వేరులోనే కలిపేవి. మదర్‌బోర్డు మీద ఉచితంగా వచ్చే చిప్పులకి ఆ యోగం లేదు.

1998లో చెక్ దేశస్థుడు యారోస్లావ్ కైసెలా ఆల్సా మొదలుపెట్టాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నాటికి అదే అధికారిక పద్ధతి అయిపోయింది, ఓఎస్ఎస్ పక్కకి తప్పుకుంది. ఈలోగా డెస్కుటాపుల వాళ్ళు ఆగలేక ఎవరి సౌండు సర్వరు వాళ్ళు పెట్టుకున్నారు. గ్నోమ్‌కి ఈఎస్‌డీ, కేడీఈకి ఆర్ట్స్. అన్ని ప్రోగ్రాములూ ఆ సర్వరుకి శబ్దం ఇస్తే అది కలిపి కార్డుకిస్తుంది. ఆలోచన మంచిదే. కానీ సర్వరుతో సంబంధం లేని ప్రోగ్రాము ఒకటి వస్తే మళ్ళీ కుళాయి తగాదానే. ఆ రోజుల్లో రెండో ప్రోగ్రాము మోగకపోతే పెద్దలు చెప్పే మొదటి చిట్కా ఈఎస్‌డీని చంపెయ్యడం :) తర్వాత ఆల్సాలోనే డీమిక్స్ అనే ఏర్పాటు వచ్చి, చవక చిప్పుల మీద కూడా శబ్దాలు కలవడం మొదలైంది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఇదంతా "స్పీకరు ఎవరికి దక్కాలి" అనే తగాదా. ఒక ప్రోగ్రాము చేసే శబ్దాన్ని ఇంకో ప్రోగ్రాము వినాలంటే ఎలాగన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు రికార్డింగు స్టూడియోల మనుషులు. ఆర్డర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు రాసిన పాల్ డేవిస్ 2002 ప్రాంతంలో జాక్ అనేదాన్ని తయారుచేశాడు. అందులో ప్రతి ప్రోగ్రాముకీ లోపలికొచ్చే రంధ్రాలు, బయటికెళ్ళే రంధ్రాలు ఉంటాయి. ఏ రంధ్రం నుంచి ఏ రంధ్రానికైనా మీరు తీగ వేసుకోవచ్చు. ఈ ప్రోగ్రాము పాటని ఆ ప్రోగ్రాము మైకులో పోయమంటే పోస్తుంది. అంటే వీడియో కాల్‌కి కావలసిన జవాబు అప్పటికే ఉందన్నమాట! కానీ అది కార్డుని తానే పూర్తిగా స్వాధీనం చేసుకుంటుంది, జాక్ భాష తెలిసిన ప్రోగ్రాములతోనే మాట్లాడుతుంది, బ్యాటరీ సంగతి పట్టించుకోదు. వీణ రికార్డు చేసేవాడికి అది వరం, మెయిల్ చూసుకునేవాడికి గుదిబండ.

ఇక అందరూ తిట్టుకున్న పల్స్‌ఆడియో దగ్గరికొద్దాం. లెనార్ట్ పోయెట్టరింగ్ 2004లో మొదలుపెట్టాడు. 2007 నవంబరులో ఫెడోరా 8, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04 దాన్ని అందరి నెత్తినా పెట్టాయి. పాటలు ఆగి ఆగి రావడం, సీపీయూ వేడెక్కడం, అసలు శబ్దమే పోవడం... ఆ తిట్లు ఇప్పటికీ అంతర్జాలంలో భద్రంగా ఉన్నాయి. ఉబుంటులో మొదట పెట్టిన తీరూ బాలేదు. దానికి తోడు, కార్డు ఎంతవరకు వాయించిందో కచ్చితంగా చెప్పమని పల్స్‌ఆడియో డ్రైవర్లని అడిగింది. అప్పటిదాకా ఎవరూ అంత గట్టిగా అడగలేదు కాబట్టి చాలా డ్రైవర్లు తప్పుడు లెక్కలు చెబుతూ బతికేశాయి. ఆడిటరు వచ్చాకే దొంగ లెక్కలు బయటపడతాయి, తిట్లు ఆడిటరుకి. ఆయన పక్షాన మాట్లాడేవాళ్ళు తక్కువ గానీ, నేను మాత్రం పల్స్‌ఆడియోకి రుణపడే ఉంటాను.

ఎందుకంటే అది ప్రతి స్పీకరుకీ ఒక మానిటర్ ఇచ్చింది. స్పీకరులోకి ఏది వెళ్తోందో దాన్నే మైకులా వినిపించే రంధ్రం అది. విస్టాతో విండోసులో వచ్చిన లూప్‌బ్యాక్ రికార్డింగు చేసే పనీ ఇదే. (మ్యాక్ వాళ్ళకి చాలా ఏళ్ళు అదీ లేదు. సౌండ్‌ఫ్లవర్ లాంటి బయటి సరుకు తెచ్చుకునేవాళ్ళు. కాబట్టి మరీ సిగ్గుపడక్కర్లేదు.)

ఈ మానిటర్ విలువ నాకు 2020 లాక్‌డౌన్‌లో తెలిసింది. రాజమండ్రిలో ఉండే మా పిన్ని కర్ణాటక సంగీతం చెబుతుంది, ఇల్లు గడిచేది ఆ ఫీజులతోనే. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి మారాయి. పాతబడి విండోసు మోయలేకపోతున్న దాంట్లో అంతకుముందే నేను ఉబుంటు 18.04 వేసిచ్చాను. రెండోరోజే ఫోను.

"ఒరేయ్, నా గొంతు వినపడుతోందిట గానీ శ్రుతి వినపడట్లేదుట పిల్లలకి. శ్రుతి లేకుండా సరళీ స్వరాలు ఎలా చెప్పమంటావురా?"

"శ్రుతిపెట్టె మైకు దగ్గరగా పెట్టి చూడు పిన్నీ."

"పెట్టాను. ఒక్క క్షణం వినపడి మాయమైపోతోందిట."

వింటే వింతగా ఉంటుంది గానీ కారణం తేలికే. మీటింగు సాఫ్ట్‌వేర్లలో నాయిస్ సప్రెషన్ ఉంటుంది. మారకుండా ఒకే తీరుగా మోగేదేదైనా దాని దృష్టిలో ఫ్యాను చప్పుడే. తంబురా శ్రుతి పనే మారకుండా మోగడం! పిల్లల్ని వాళ్ళింట్లోనే శ్రుతి పెట్టుకోమందామంటే, చాలా ఇళ్ళలో ఉన్నది ఒక్కటే ఫోను, క్లాసు నడిచేది దాంట్లోనే. వారంలో ఇద్దరు పిల్లలు మానేశారు. పిన్ని బయటికి అనలేదు గానీ మిగతావాళ్ళూ మానేస్తారేమోనని భయపడింది.

ఫోనులో చెబుతూ చేయించాను. శ్రుతి ఎలక్ట్రానిక్ పెట్టెలోంచి కాకుండా లాప్‌టాప్‌లోని ప్రోగ్రాములోంచి రావాలి. తిన్నగా హెడ్‌ఫోన్స్ మానిటర్‌ని మీటింగుకి ఇచ్చేస్తే సరిపోదూ అనిపిస్తుంది. సరిపోదు. పిల్లల గొంతులు కూడా ఆ హెడ్‌ఫోన్స్‌లోకే వస్తాయి కాబట్టి ఎవరి పాట వాళ్ళకే తిరిగి వెళ్ళి అల్లరల్లరి అవుతుంది. అంచేత ముందు ఒక ఉత్తుత్తి స్పీకరుని పుట్టించాం. పల్స్‌ఆడియో భాషలో నల్ సింకు. దాంట్లో పడ్డది ఎక్కడా మోగదు, కానీ దానికీ మానిటర్ ఉంటుంది. పిన్ని మైకుని లూప్‌బ్యాక్‌తో దాంట్లోకి కలిపాం. శ్రుతి ప్రోగ్రాముని కంబైన్ సింకుతో రెండు పాయలు చేసి, ఒకటి పిన్ని హెడ్‌ఫోన్స్‌కి, ఒకటి ఉత్తుత్తి స్పీకరుకి పంపాం. మీటింగుకి మైకు బదులు ఆ ఉత్తుత్తి స్పీకరు మానిటర్‌ని చూపించాం. పిల్లల గొంతులు హెడ్‌ఫోన్స్‌లోకే వస్తాయి, ఉత్తుత్తి స్పీకరు దరిదాపులకి పోవు.

క్రోమ్ అప్పట్లో మానిటర్లని మైకుల జాబితాలో చూపించేది కాదు. రీమ్యాప్ సోర్సు అనే ముసుగు తొడిగితే అదీ మైకే అనుకుని ఒప్పుకుంది. లూప్‌బ్యాక్ మామూలుగా 200 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది, దాన్ని 30కి దించాం. ఇదంతా చేసి మీటింగులో నాయిస్ సప్రెషన్ ఆపకపోతే శ్రమంతా వృథా, ఎందుకంటే శబ్దం ఏ దారిన వచ్చినా మింగేది అదే కదా. ఈ ఏర్పాట్లన్నీ లాప్‌టాప్ ఆపితే పోతాయి కాబట్టి ఒక స్క్రిప్టు రాసి, "శ్రుతి" అని పేరు పెట్టి డెస్కుటాపు మీద ఉంచాను. క్లాసుకి ముందు పిన్ని దీపం పెట్టినట్టు దాన్ని ఒకసారి నొక్కేది. మానేసిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు.

పిన్నికి తోడు నేనున్నాను. అలా ఎవరూ లేనివాళ్ళు ఆ సంవత్సరం ఎంతమంది అవస్థపడ్డారో!

దీనికి తోడు ఇంకో మార్పు అప్పటికే నడుస్తోంది. పాత ఎక్స్‌లెవెన్‌లో ఏ ప్రోగ్రామైనా తెర మొత్తం చూసెయ్యొచ్చు. దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో అలా కుదరదు, పోర్టల్ అనే ద్వారపాలకుడు మిమ్మల్ని అడిగి, మీరు సరేనంటేనే బొమ్మ ఇస్తాడు. భద్రతకి మంచిదే. కానీ తెర పంచుకోవడానికి ఆ పోర్టల్‌ని రూపొందించినప్పుడు అందులో బొమ్మకే చోటిచ్చారు, శబ్దం ఊసు లేదు. స్క్రీన్ షేర్‌లో శబ్దం రాకపోవడానికి సగం కారణం ఇదే.

ఆ బొమ్మని మోసుకెళ్ళే గొట్టమే పైప్‌వైర్. జీస్ట్రీమర్ సృష్టికర్తల్లో ఒకడైన విమ్ టేమాన్స్ 2015లో దీన్ని మొదలుపెట్టింది వీడియో కోసమే. ఒకే వెబ్‌క్యామ్‌ని నలుగురు వాడుకోవడం ఎలా అని. తర్వాత, వీడియోకి పనికొచ్చే గొట్టం ఆడియోకి ఎందుకు పనికిరాదనుకున్నాడు. జాక్ నుంచి తీగల ఆలోచన తీసుకున్నాడు. పల్స్‌ఆడియో భాష కూడా నేర్పాడు కాబట్టి పాత ప్రోగ్రాములకి కింద మనిషి మారినట్టే తెలియదు. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 ఆడియోని దీనికి అప్పగించాయి. 2023 నవంబరులో 1.0 వచ్చింది. పల్స్‌ఆడియో నాటి గొడవలో పదో వంతు కూడా వినపడలేదు. పదిహేనేళ్ళ తిట్లు ముందువాడు తినేసి డ్రైవర్లని బాగుచేయించి పెట్టాడు మరి!

2024లో పిన్ని లాప్‌టాప్‌కి ఉబుంటు 24.04 ఎక్కించాను. కింద పైప్‌వైర్ వచ్చినా 2020 నాటి స్క్రిప్టు ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది.

ఇప్పుడు మీకు ఈ అవసరం వస్తే, ముందు పాక్‌టీఎల్ ఇన్ఫో కొట్టి సర్వరు పేరు చూడండి. అందులో పైప్‌వైర్ అని ఉంటే క్యూపీడబ్ల్యూగ్రాఫ్ తెరవండి, తీగలన్నీ బొమ్మలా కనిపిస్తాయి. వీడియో ప్లేయరు నుంచి మీటింగు మైకు రంధ్రానికి మౌసుతో తీగ లాగితే చాలు, ఆ ఒక్క ప్రోగ్రాము శబ్దమే వెళ్తుంది. వచ్చిపోయే గొంతులతో గొడవ లేదు. ఆ మాత్రం ఓపిక కూడా లేకపోతే వీడియోని క్రోమ్ ట్యాబులో పెట్టి, తెర బదులు ఆ ట్యాబునే ఆడియో టిక్కుతో పంచండి. శబ్దం బ్రౌజరు చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగక్కర్లేదు.

తాళం సంగతి మాత్రం వేరు. శ్రుతికి ఆలస్యంతో పనిలేదు, అరసెకను వెనగ్గా వచ్చినా అదే షడ్జమం. తాళం అలా కాదు. రాజమండ్రిలో వేసిన దెబ్బ డాలస్ చేరి, అక్కడి పిల్ల పాడింది తిరిగి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. దానికి పైప్‌వైర్ చేయగలిగిందేమీ లేదు, దారి పొడుగు అంత. పిన్ని ఇప్పటికీ తాళం పిల్లల్నే వేసుకోమంటుంది, తను వేయకుండా వింటుంది.