వెడల్పాటి మందపు తెలుగు అక్షరం: ద్రాక్షారామ శాసనాల నుండి ‘అనేక్’ వరకు

1. ఉపోద్ఘాతం

రోమన్ లిపిలో అక్షరపు గీత కొసన ఉండే చిన్న అడ్డగీతను సెరిఫ్ అంటారు. అది లేని ముద్రాక్షరం సాన్స్ సెరిఫ్. 1816లో నాలుగవ విలియం కాస్లాన్ లండన్‌లో ఈ తరహా అచ్చును తొలిసారి చూపాడు. 1927లో పాల్ రెన్నర్ రూపొందించిన ఫ్యూచురా దానిని వృత్తానికి, సరళరేఖకు దగ్గర చేసింది. 1962లో ఆల్డో నొవరేసే రూపొందించిన యూరోస్టైల్‌లోని వెడల్పాటి మందపు రూపం శీర్షికలకు, బోర్డులకు వాడుకలోకి వచ్చింది. ఈ ఆకృతిని తెలుగు లిపి ఏ షరతులపై స్వీకరించగలదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. తలకట్టు సెరిఫ్ కాదు

సెరిఫ్‌ను తొలగించినా రోమన్ అక్షరం మారదు. తెలుగులో తలకట్టు అలాంటి అలంకారం కాదు. ‘క’లో అది అకారాన్ని తెలుపుతుంది, ‘కి’, ‘కె’లలో దాని స్థానాన్ని గుణింతపు గుర్తు తీసుకుంటుంది. కనుక తెలుగులో సాన్స్ సెరిఫ్ అంటే తలకట్టు లేని అక్షరమని కాదు, గీత మందం అంతటా ఒకే తీరుగా ఉన్న అక్షరమని అర్థం.

3. శాసనలిపి సాక్ష్యం

ఈ ఏకరీతి గీత తెలుగుకు కొత్తది కాదు. రామచంద్రపురం మండలంలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో స్తంభాలపైన, గోడలపైన వందలాది శాసనాలున్నాయి. వాటిలో చాలావాటి పాఠాలు ‘దక్షిణ భారత శాసనాలు’ 4వ సంపుటిలో అచ్చయ్యాయి. రాతిపై ఉలి చెక్కిన గీతలో కలం రాతలోని సన్నం, లావు భేదం ప్రస్ఫుటం కాదు. అయితే ఆ గీత సన్నగానే ఉంటుంది. ఆధునిక ముద్రాక్షరం తెచ్చిన కొత్తదనం మందమే.

4. మందం తెచ్చే చిక్కు

గీత లావెక్కేకొద్దీ అక్షరంలోని ఖాళీ తగ్గుతుంది. ‘ఠ’ను ‘ర’ నుండి, ‘థ’ను ‘ధ’ నుండి వేరు చేసేది లోపలి చుక్క. అది చుట్టూ ఉన్న గీతలో కలిసిపోతే ‘పాఠం’ ‘పారం’ అవుతుంది, ‘కథ’ ‘కధ’ అవుతుంది. ఖాళీని పెంచడానికి నిలువున చోటు లేదు. పైన గుడులు, కింద వత్తులు ఆ స్థలాన్ని ముందే ఆక్రమించాయి. మిగిలింది అడ్డంగా విస్తరించడమే. కాబట్టి తెలుగులో వెడల్పు కేవలం శైలి కాదు. మందం కోల్పోయిన చోటును తిరిగి ఇచ్చే సాధనం.

5. ఇటీవలి రూపాలు

అష్టదిగ్గజాలలో ఒకరైన అయ్యలరాజు రామభద్రుని పేర 2013లో రూపొంది, సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందిన ‘రామభద్ర’ ఫాంటు శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వానపత్రికలకు ఉద్దేశించినది. 2022లో ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ అందించిన ‘అనేక్ తెలుగు’లో మందాన్ని 100 నుండి 800 వరకు, వెడల్పును 75 నుండి 125 వరకు వేర్వేరుగా మార్చవచ్చు. మందాన్ని పెంచినప్పుడు ఎంత వెడల్పు కావాలో నిర్ణయించే వీలు దీనితో అక్షర సంయోజకునికి దక్కింది.

6. ముగింపు

దూరం నుండి చదవవలసిన బోర్డుకు, నాలుగైదు మాటల శీర్షికకు ఈ ఆకృతి తగినది. పుట నిండా సాగే పాఠానికి తగదు. అది స్థలాన్ని మింగుతుంది, చదువరి కంటిని అలసటకు గురిచేస్తుంది. రోమన్ నమూనాను అనుకరించిందా లేదా అన్నదాని కంటే, లోపలి చుక్కను, కింది వత్తును కాపాడిందా లేదా అన్నదే తెలుగు మందపు అక్షరానికి సరైన గీటురాయి.