ఈక చెప్పిన సాక్ష్యం: విమాన ప్రమాదాల విచారణలో పక్షి గుర్తింపు

విమానాలను పక్షులు ఢీకొనడం విమానయానమంత పాతది. 1905లోనే ఆర్విల్ రైట్ అటువంటి సంఘటనను తన దినచర్యలో నమోదు చేశాడు. అయితే ఢీకొన్నది ఏ పక్షి అన్న ప్రశ్న క్రమబద్ధమైన శాస్త్ర పరిశీలనకు వస్తువు కావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఆ మార్పుకు బోస్టన్ ప్రమాదం నాంది పలికింది.

1960 అక్టోబరు 4 సాయంత్రం బోస్టన్‌లోని లోగన్ విమానాశ్రయం నుండి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 375వ విమానం 72 మందితో బయలుదేరింది. అది నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు గల లాక్‌హీడ్ ఎలెక్ట్రా. నేల విడిచిన కొన్ని క్షణాలకే పక్షుల గుంపు దానికి అడ్డు వచ్చింది. ఒక ఇంజను ఆగిపోగా, మరో రెండింటి శక్తి కాసేపు క్షీణించింది. పైకి లేచే దశలో విమానానికి ఇంజన్ల పూర్తి శక్తి అవసరం. పొరపాటు సరిదిద్దుకోవడానికి తగినంత ఎత్తు గానీ, వేగం గానీ ఉండవు. వేగం కోల్పోయిన విమానం అదుపు తప్పి విన్‌త్రాప్ అఖాతంలో కూలింది. 62 మంది మరణించారు.

లభించిన ఈకలు స్మిత్సోనియన్ సంస్థకు చేరాయి. అక్కడి పరిశోధకురాలు రాక్సీ లేబోర్న్ అవి స్టార్లింగ్ పక్షులవని తేల్చారు. గోరువంక కుటుంబానికి చెందిన ఈ పక్షి బరువు వంద గ్రాములకు మించదు. ఇది అమెరికా పక్షి కూడా కాదు; 1890లో ఐరోపా నుండి తెచ్చి న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో వదిలిన వాటి సంతతి అక్కడ విస్తరించింది. చిన్న పక్షులైనా గుంపుగా వస్తే ఒకేసారి పలు ఇంజన్లను దెబ్బతీయగలవని ఈ ప్రమాదం నిరూపించింది. ఈక మూలంలోని మెత్తని నూగు నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో పోల్చి చూసే పద్ధతిని లేబోర్న్ తర్వాతి కాలంలో అభివృద్ధి చేశారు. పక్షి జాతి తెలిస్తే దాని బరువు, గుంపు స్వభావం తెలుస్తాయి. ఇంజన్లు ఎంత బరువున్న పక్షులను, ఎన్నింటిని తట్టుకోవాలో నిర్ణయించే పరీక్షలకు ఈ సమాచారమే ఆధారం.

2009 జనవరి 15న న్యూయార్క్‌లోని లాగార్డియా నుండి బయలుదేరిన విమానం కెనడా బాతుల తాకిడికి రెండు ఇంజన్ల శక్తినీ కోల్పోయి హడ్సన్ నదిలో దిగింది. అందులోని 155 మందీ బతికారు. ఈకల్లోని హైడ్రోజన్ ఐసోటోపులను విశ్లేషించిన స్మిత్సోనియన్ పరిశోధకులు, ఆ బాతులు నగరంలో స్థిరపడినవి కావనీ, ఉత్తరాన లాబ్రడార్ ప్రాంతం నుండి వలస వచ్చినవనీ నిర్ధారించారు. అదే ఏడాది వేసవిలో న్యూయార్క్ పరిసరాల్లో వెయ్యికి పైగా స్థానిక బాతులను పట్టి చంపారు. స్థానిక బాతుల వల్ల కూడా ముప్పు ఉన్నమాట నిజమే. కానీ జనవరి ప్రమాదానికి కారణమైన వలస గుంపులను ఆ చర్య తాకలేదు. వాటి విషయంలో అవసరమైనది రాకపోకల కాలాన్ని, మార్గాన్ని ముందుగా పసిగట్టే ఏర్పాటు.

1960లో ఈక పక్షి జాతిని తెలిపింది. 2009 నాటికి దాని స్వస్థలాన్ని కూడా తెలిపింది. ఈ సాక్ష్యాన్ని నివారణ చర్యలు ఎంతవరకు అనుసరించాయన్నది విమాన భద్రతా చరిత్రలో ఇంకా పరిశీలించవలసిన అంశం.