సాగరతీరమున గోలకొండ

పుదుచ్చేరికి క్రొత్తగా పోయిన తెలుగువాడు, ఫ్రెంచి ప్రభువుల పేర్లును తమిళ వర్తకుల పేర్లును గల వీధులలో తిరుగుచు, ఆ పట్టణమున ‘గోల్కొండ్’ అను భవనమొకటి కలదని విన్నప్పుడు క్షణకాలము ఆశ్చర్యపడక మానడు. కుతుబ్‌షాహీల కోట యెక్కడ, సముద్రపు గాలి సోకు చోట ఆశ్రమవాసులు నిదురించు ఈ వసతిగృహ మెక్కడ! ఐనను ఆ పేరు ఊరక వచ్చినది కాదు. దాని పునాదిలో హైదరాబాదు ధనము కలదు; దాని నేలపై కడప రాయి కలదు; ప్రకృతిని నొప్పింపని బస యెట్లుండవలెనని నేడు మహానగరములలో బాటసారులు అడుగుచున్న ప్రశ్నకు, ఎనిమిది దశాబ్దములకు పూర్వమే చెప్పబడిన సమాధానము దాని గోడలలో కలదు.

ఆ సమాధానమునకు మూలము ఆ ఊరి పాత యిండ్లలోనే యుండెను. ఫ్రాంస్వా మార్టిన్ 1674లో ఇచ్చట ఫ్రెంచి వర్తకస్థావరమును నెలకొల్పెను. 1693లో డచ్చివారు దానిని పట్టుకొని, 1699లో మరల విడిచిపోవులోపల, చదరంగపు గళ్ళవలె వీధులు ఒండొంటిని ఖండించునట్లు పట్టణమును రూపించిరి. 1761లో ఆంగ్లేయులు ఊరిని నేలమట్టము చేయగా, 1765లో ఫ్రెంచివారు తిరిగివచ్చి పాత పునాదులపైననే దానిని లేవనెత్తిరి. నడుమ నొక కాలువ. దానికి తూర్పున దొరల మేడలు, పడమట తమిళుల గృహములు. తూర్పు కొసను సముద్రము కనబడు ఆ వీధులలో గాలి మేఘము లేని దినమునగూడ నిలువక ప్రవహించును.

కాలువకు పడమటనున్న యిండ్లను చూచిన మన కోనసీమవాడు పరాయిచోట నున్నానని యనుకొనడు. వీధి ప్రక్కను వాలుకప్పు నీడలో అరుగు, దానిని తమిళులు తిణ్ణై యందురు. లోపల నాలుగు దిక్కుల పెంకుటిల్లు, నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి. ఇది మన మండువా లోగిలికి తోబుట్టువు. గోదావరి యొడ్డున వందలకొలది మైళ్ళ దూరమున నున్న యానాం ఈ పుదుచ్చేరి పాలనలోనిదే కావున, ఆ ఊరి తెలుగువారు పని పడి ముఖ్యపట్టణమునకు పోయినప్పుడు తమ యింటి నీడనే మరల చూచెదరు. ముంగిటినుండి వేడిగాలి పైకి లేచిపోవును, వీధి నీడలోని చల్లగాలి దాని చోటికి లోనికి వచ్చును. సున్నమును బాగుగా నూరి పూసిన గోడ మందముగా నుండి మధ్యాహ్నపు వేడిమిని సాయంకాలము దాక లోనికి రానీయదు. ఈ యిండ్లను కట్టిన మేస్త్రీలు వాతావరణశాస్త్రము చదివినవారు కారు, ఎండనే చదివినవారు.

అరుగునకు మరియొక ధర్మము కలదు. అది యింటివానిది మాత్రమే కాదు. దారిన పోవువాడు కూర్చుండవచ్చును, ప్రొద్దు గ్రుంకినచో నడుము వాల్చవచ్చును, మంచినీళ్ళడుగవచ్చును. అద్దె లేని బసలలో అదియే మొదటిది. అరుగు పెద్దదైనచో చావడి. చావడి ధర్మశాసనముతో స్థిరపడినచో సత్రము. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి నీటివసతిని, దిగు తావును శ్రద్ధతో వ్రాసికొనెను. బాటసారికి కావలసిన సమాచారమనగా ఆ కాలమున అదియే. పుదుచ్చేరిలో చావడికి మరియొక గౌరవము కలిగెను. స్థానికుల వ్యాజ్యములను విచారించు న్యాయస్థానమును ఫ్రెంచివారు చావడి పేరుననే ‘షోద్రి’ యని పిలిచిరి. ఆతిథ్యమిచ్చు నీడయు న్యాయము చెప్పు నీడయు ఒక్క మాటతో పిలువబడుట ఆ కాలపు విలువను తెలుపుచున్నది.

అరవిందులు 1910 ఏప్రిల్ 4వ తేదీన ఈ రేవులో దిగిరి. ‘శ్రీమాత’ యని పిలువబడిన మీరా అల్ఫాస్సా 1920లో మరలివచ్చి ఇచ్చటనే స్థిరపడెను. 1926లో ఆశ్రమము రూపుదాల్చిన పిమ్మట సాధకుల సంఖ్య పెరుగుచుండగా, వారందరు ఊరిలోని పాత యిండ్లలో అక్కడక్కడ వసించుచుండిరి. వారికొక వసతిగృహము కావలసి వచ్చెను. అరవిందులయందు భక్తి గల హైదరాబాదు సంస్థానమంత్రి సర్ అక్బర్ హైదరీ మూలమున నిజాము ప్రభుత్వమునుండి లక్ష రూపాయలు లభించెను. ఆ దాతృత్వమును స్మరించియే గోలకొండ పేరు ఫ్రెంచి ఉచ్చారణతో ఆ భవనమునకు పెట్టబడెను. ఒకప్పుడు కృష్ణాతీరపు గనుల వజ్రములకై యూరోపు వర్తకులు నోట నానించిన ఆ పేరు ఈ మారు ఒక వసతిగృహమునకు దక్కెను.

దాని వాస్తుశిల్పులు ముగ్గురును మూడు దారుల వచ్చినవారు. ఆశ్రమమున పవిత్ర యను పేర నుండిన ఫ్రెంచి ఇంజనీరు ఫిలిప్ బార్బియే సెంటిలేర్ పూర్వము జపానులో నుండిన కాలమున, బొహీమియాలో పుట్టి టోక్యోలో స్థిరపడిన వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్‌ను ఎరిగియుండెను. ఆ పరిచయమే ఆహ్వానమాయెను. రేమండ్ టోక్యోకు పోయినది ఫ్రాంక్ లాయిడ్ రైట్‌తో కలిసి ఇంపీరియల్ హోటలు కట్టుటకు; హోటలు నిర్మాణముతో జపానులో మొదలైన ఆతని జీవితము ఆశ్రమ వసతిగృహమువరకు నడచివచ్చుట గమనింపదగినది. రేమండ్ కార్యాలయమునుండి జార్జి నకషిమ 1937లో పుదుచ్చేరికి వచ్చెను. అమెరికాలో పుట్టిన ఆ జపాను యువకుడు పనిచేయుటకు వచ్చి సాధకుడై, సుందరానంద యను పేరు పొంది, జీతము తీసికొనుట మానెను. లె కొర్బ్యూజియే వద్ద పనిచేసిన చెక్కు దేశీయుడు ఫ్రాంటిషెక్ సామ్మెర్ మూడవవాడు. 1939లో నకషిమ వెడలిపోయిన తరువాత యుద్ధకాలపు కొరతల నడుమ పనిని ముందుకు నడపినది ప్రధానముగా ఆతడే.

పుదుచ్చేరి పండ్రెండవ ఉత్తర అక్షాంశమునకు దాపున నున్నది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చును. ఉదయసాయంకాలముల వాలుటెండ తూర్పు పడమటి గోడలను కాల్చును. కావున వారు భవనమును తూర్పుపడమరలుగా సాగదీసి, దాని పొడవైన ముఖములను ఉత్తరదక్షిణములకు త్రిప్పిరి. దక్షిణమున గదులు, ఉత్తరమున నడవ, రెండు ప్రక్కల తోటలు. కాంక్రీటు కప్పునకు పైని, ముందుగా పోతపోసిన వంపు పలకలను పెంకులవలె పేర్చి, నడుమ గాలి యాడుటకు ఖాళీ విడిచిరి. ఎండ పై కప్పును కాల్చును గాని ఆ వేడిమిని గాలి మోసికొనిపోవును.

ఆ భవనపు ఆత్మ దాని ముఖమున నున్నది. గాజు కిటికీలకు బదులుగా ఆ చివరనుండి ఈ చివరకు అడ్డముగా నమర్చిన సన్నని సిమెంటు పలకల వరుసలు కలవు. ఇత్తడి పిడిని త్రిప్పినచో ఒక వరుస పలకలన్నియు నొక్కమారుగా, కనురెప్పలవలె, వాలును లేదా తెరచుకొనును. ప్రాతఃకాలమున పూర్తిగ తెరచినచో తోటలోని పచ్చదనము గదిలోనికి వచ్చును; మిట్టమధ్యాహ్నమున సగము వాల్చినచో ఎండ బయట నిలిచిపోవును, గాలి మాత్రము లోనికి వచ్చును; కార్తికమాసపు ఈశాన్యవాన విసరి కొట్టునప్పుడు మూసినచో గది పొడిగా నుండును. గదికిని నడవకును నడుమ టేకు బద్దలు కూర్చిన జరుగుడు తలుపు; అది మూసియున్నను చూపునకు అడ్డమే గాని గాలికి అడ్డము కాదు. కావున ఒక తోటలో పుట్టిన గాలి నిదురించువాని మీదుగా పోయి రెండవ తోటలో కలియును. ఇంతటి ఏర్పాటున్న చోట శీతలయంత్రమునకు చేయవలసిన పని మిగులలేదు.

గోడలకు గవ్వసున్నము కలిపి నూరి పూసిన చెట్టినాడు పూత. నేలకు నునుపుతేల్చిన నల్లని కడప బండ. నిజమైన పరీక్ష మాత్రము పని చేసిన విధమున నున్నది. కట్టినవారిలో పెక్కండ్రు ఈ విద్య నెరుగని సాధకులు. పనిముట్లను దినదినము కడిగి లెక్కించి దాచెడివారు. మేకులను సైతము లెక్కించి, వంగినవానిని వృథా పోనీయక సరిచేసి వాడెడివారు. తలుపుల బందులు, పిడులు అంగడిలో కొనినవి కావు; భక్తులిచ్చిన పాత ఇత్తడి పాత్రలను కరగించి ఆశ్రమమందే పోతపోసినవి. ఆ పనిశాలకు శ్రీమాత ‘హార్పగోన్’ అని పేరు పెట్టెను. మోలియేర్ నాటకమున ప్రసిద్ధుడైన లోభి పేరది. ఎవరి వంటింటిలోనో అన్నము వండిన గిన్నె కరగి, ఒక యతిథి చేతికి గాలి నందించు పిడిగా మారినదనిన, వస్తువునకు ఇంతకంటె గొప్ప పునర్జన్మ మేమి కావలెను?

ఐతే ఒక్క మాట దాచక చెప్పవలెను. లక్షతో ఆరంభమైన పని లక్షతో ముగియలేదు. కాలమును ఖర్చును అంచనాలను మించిపోయెను. కాని ఆ ఖర్చు ఒక్కసారిది. నీడను, గాలిని, దిక్కును నిర్మాణమునందే కొని పెట్టినందున, అటుపిమ్మట ప్రతిదినము విద్యుత్తుకై కొనవలసినది స్వల్పమాయెను. శుభ్రతయు అట్టిదే, ఆశ్రమసాధకురాలు మోనా పింటో దశాబ్దములకొలది ఆ భవనమును కన్నబిడ్డవలె చూచుకొనినందున, ఎనుబదియేండ్ల కాంక్రీటు నేటికిని పనికివచ్చుచున్నది. ఉన్నదానిని కూల్చక నిలుపుకొనుటకంటె మించిన పర్యావరణధర్మము కట్టడముల విషయమున లేదు.

ఈ సత్యమునే ఊరంతటికి చెప్పుటకు 1984లో వారసత్వ కట్టడములను పరిరక్షించు ఇంటాక్ సంస్థ ఇచ్చట పని మొదలుపెట్టెను. తమిళవాడలోని వైశ్యాళ్ వీధిలో అరుగులను, వాలుకప్పులను వరుసగా పునరుద్ధరించిన కృషికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించెను. కాని రక్షింపబడిన పాత యిండ్లలో పెక్కు వారసత్వ హోటళ్ళై, ఆ యరుగుపై ఒకనాడు ఊరక పండుకొనిన బాటసారికి నేడు అందని ధర పలుకుచున్నవి. మరియొక ప్రక్కను, తూర్పు పడమరల వివేకము లేక గాజుగోడలు నిలిపి, వాని వేడిమిని దించుటకు యంత్రములను బిగించి, ద్వారమున పచ్చని ఆకు బొమ్మ వేలాడదీయు లాడ్జీలును పెరిగినవి. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అను అమెరికను పరిశీలకుడు, పర్యావరణరక్షణకై తువాళ్ళను మరల వాడుడని అతిథులకు బోధించుచు ఇతరవిషయములలో ఆ ధర్మమును మరచు హోటళ్ళను చూచియే ‘గ్రీన్‌వాషింగ్’ అను మాటను పుట్టించెను. పచ్చదనము పూత కాగలదని ఆ మాట మనకు నేర్పినది.

గోల్కొండ్ అందరికి తెరచిన హోటలు కాదు. అది ఆశ్రమవాసులకును భక్తులకును నివాసము, ఇతరులు అనుమతితో చూచిరావలసినది. ఐనను సముద్రపు టొడ్డున పార్క్ గెస్ట్‌హౌస్, ఊరిలో ఇంటర్నేషనల్ గెస్ట్‌హౌస్ మొదలగు ఆశ్రమపు అతిథిగృహములలో ఆ మితజీవనపు ఛాయ కానవచ్చును. ఆడంబరము లేని గది, మద్యమునకును పొగకును నిషేధము, రాత్రి నిర్ణీతవేళకు మూయబడు ద్వారము, సామాన్యుడు భరింపగల వెల. ఊరికి ఉత్తరమున 1968లో వెలసిన ఆరోవిల్‌లో మట్టిదిమ్మెలతో కట్టిన గృహములును ఈ వంశములోనివే. చౌకదనమును ప్రకృతిధర్మమును వేరువేరు గుణములని మనము వెదకుచున్నాము; చరిత్ర చూచినచో రెంటికిని తల్లి యొక్కతె, ఆమె పేరు మితము. అరుగు కట్టినవాడును, వంగిన మేకును సరిచేసినవాడును ఆమె బిడ్డలే.

కావున పుదుచ్చేరిలోనైనను, హైదరాబాదులోనైనను, విశాఖలోనైనను బస వెదకువారు ధర అడుగుటకు ముందు గదిలోనికి పోయి కిటికీ తెరచి చూతురు గాక. ఎదుటి గోడనుండి గాలి బయటికి పోవు దారి యున్నదా? పడమటి యెండకు అడ్డమేమి యున్నది? స్నానపు నీరు ఎచ్చటినుండి వచ్చి ఎచ్చటికి పోవుచున్నది? సముద్రమునకు ఆనుకొనిన ఊళ్ళలో భూగర్భజలమును మితిమీరి తోడినచో ఉప్పునీరు లోనికి చొచ్చును గనుక ఈ కడపటి ప్రశ్న మరింత ముఖ్యము. పిదప చెప్పులు విడిచి నేలపై నిలువుడు. గోల్కొండ్ నడవలో మిట్టమధ్యాహ్నమున పాదమునకు తగులు ఆ నల్లని చల్లదనము మన రాయలసీమ నేలనుండి పోయినది. వజ్రముల పేరు పెట్టుకొనిన ఆ యింట అన్నిటికంటె విలువైనది ఆ బండయే.