మీగడ తెలుపు ముచ్చటైన వేళ

రంగుల దుకాణంలో షేడ్ కార్డు తిప్పితే తెలుపు పక్కనే క్రీమ్, ఐవరీ, ఆఫ్ వైట్ అంటూ పసుపు తగిలీ తగలని తెలుపులు వరసగా కనిపిస్తాయి. ఇదేదో ఈమధ్య పుట్టిన నాజూకు అభిరుచి అనుకుంటాం. నిజానికి సున్నం కొట్టిన గోడలకు మొదటినుంచీ దక్కింది ఈ ఛాయే. దాన్ని వదిలించుకోవడానికే తరాలపాటు తంటాలు పడ్డారు.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చి, నీళ్లు పోస్తే సలసలా మరిగి విచ్చుకుంటుంది. వడకట్టి, తుమ్మజిగురు కలిపి గోడకు పూస్తే తడిమీద పూసినట్టే తెలియదు. ఆరేకొద్దీ తెలుపు పైకి తేలుతుంది. అయితే రాయిలో ఇనుము పాలు ఏ కాస్త ఉన్నా ఆ తెలుపులోంచి పసుపు తొంగిచూస్తుంది. ఇనుము తక్కువగా ఉండే గుల్ల సున్నానికి అంత పేరు రావడానికి అదీ ఒక కారణం. ఏ సున్నమైనా కట్టెల పొయ్యి, కిరసనాయిలు దీపం ఉన్న ఇంట్లో ఏడాది తిరిగేసరికి మసకబారేది, సంక్రాంతికి మళ్లీ బకెట్టు దిగేది. ఈ పసుపును కప్పిపుచ్చడానికి దొరికిన ఉపాయం నీలి. 1828లో ఫ్రాన్స్‌లో గిమే అనే రసాయనవేత్త కృత్రిమ అల్ట్రామెరీన్ అనే నీలిరంగు తయారీతో బహుమతి గెలిచాక నీలి చవకైంది. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలు సైతం కిలో సున్నానికి 3 గ్రాముల దాకా నీలి కలపమన్నాయి. సున్నం కొట్టేది పురుగూ పుట్రా చేరకుండానే గాని తెలుపు కోసం కాదని కొందరంటారు. అదే నిజమైతే నీలి ఎందుకు? దానితో ఏ పురుగూ చావదు. సున్నంలో పసుపు మట్టి కలిపి కావాలనే రంగు వేసేవారు కదా అంటే, వేసేవారు. కానీ అది ఎవరు చూసినా పసుపే, తెలుపని భ్రమపడే వీలు లేదు.

ఈ లెక్క తారుమారు చేసింది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నార్వే, అమెరికాల్లో దాని తయారీ మొదలైంది. మన దేశంలో ట్రావెన్‌కోర్ టైటానియం సంస్థ 1946లో ఏర్పడింది. ఈ పొడికి ముడిసరుకు కేరళ తీరంలో, మన భీమునిపట్నం తీరంలో కనిపించే ఇల్మనైట్ అనే నల్ల ఇసుక. అందులోని ఇనుమును పూర్తిగా తీసేస్తేనే ఆ తెలుపు వస్తుంది. వచ్చాక అది పసుపు తొంగిచూడని, నీలి అక్కర్లేని తెలుపు. తెలుపు అంత సులువైపోయాక దానికి ఘనత ఏముంటుంది? ఇప్పుడు ఆ తెల్లరంగులోనే చిటికెడు ఐరన్ ఆక్సైడ్ కలిపి క్రీమ్ అని అమ్ముతున్నారు. పడరాని పాట్లు పడి వెళ్లగొట్టిన ఇనుమునే డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకుంటున్నామన్నమాట!

ఇదంతా పడమటివాళ్ల పోకడ అనేవారున్నారు. షేడ్ కార్డులు అక్కడివే, కాదనలేం. కానీ పూర్తి తెలుపు చేతికందిన తరవాతే దానినుంచి కాస్త తప్పుకోవాలన్న ముచ్చట పుడుతుంది, ఆ దేశమైనా ఈ దేశమైనా. మరకలు కనపడకుండా ఉండటానికే ఈ రంగు అన్న వాదనకు బలం ఎక్కువ. ఏటేటా సున్నం పడే గోడకు మరక బాధ లేదు. ఎమల్షన్ వేసిన గోడ ఏళ్ల తరబడి పిల్లల చేతులను భరించాలి. అయినా మరక దాచడమే పనైతే బూడిదరంగు ఇంకా మేలు. మరకా కనపడకూడదు, ఇల్లు తెల్లగానూ ఉందనిపించుకోవాలి అన్నవారికే మీగడ తెలుపు. సీలింగుకు మాత్రం చాలామంది ఇప్పటికీ తెల్లటి తెలుపే వేయిస్తారు, అక్కడికి ఎవరి చేయీ అందదు గనక.